ఏడో గొట్టం అడుగు చిప్ప

ఏడో గొట్టం అడుగున దొరికిన ఆల్చిప్పలో సగం పోయిందని తెలిసిన రోజు ఇంద్రజ ఎప్పటిలాగే ఉదయం ఎనిమిదింటికి లాబ్‌కి వచ్చింది. లంచ్ డబ్బా ఫ్రిజ్‌లో పెట్టి, తెల్ల కోటు తొడుక్కుని, సింకు ముందు ఎత్తు స్టూల్ మీద కూర్చుంది. చంటిపిల్లలకు పళ్ళు తోమే మెత్తటి బ్రష్‌తో చిప్పలు కడగడం మొదలుపెట్టింది. చిప్ప మీద గీతలు ఎటు సాగితే బ్రష్ అటే నడవాలి, అడ్డంగా రుద్దకూడదు. ఇసుక పూర్తిగా వదిలాక ఒక్కో దాని మీద నీళ్ళు కలిపిన యాసిడ్ రెండు చుక్కలు వేస్తే బుసబుసమని పొంగి పైపొర కరిగిపోతుంది. అప్పుడు దాన్ని మంచినీళ్ళలో ముంచి, ఆరబెట్టి, తూచి, పుస్తకంలో రాయాలి.

ఇరవై రెండేళ్ళుగా ఆమె పని ఇదే. యాభై ఎనిమిదేళ్ళ మనిషి. పొట్టిగా, కాస్త ముందుకు వంగినట్టు ఉంటుంది. కళ్ళజోడు నల్లదారానికి వేలాడుతుంటుంది. కుడిచేతి బొటనవేలి గోరు యాసిడ్‌కి చీలి మళ్ళీ సరిగ్గా పెరగలేదు. ఇల్లున్న కమ్మింగ్ ఊరి నుంచి లాబ్‌కి గంట డ్రైవ్. వచ్చేటప్పుడు కార్‌లో ఏమీ వినదు, వెళ్ళేటప్పుడు భర్త రామమోహన్‌కి ఫోన్ చేసి కూర ఏం చేయాలో మాట్లాడుతుంది. లాబ్‌లో ఎవరి పుట్టినరోజైనా కేక్ ముక్క తీసుకుని మళ్ళీ స్టూల్ దగ్గరికి వచ్చేస్తుంది. గుర్తుంచుకోవడానికి ఆమెలో ప్రత్యేకంగా ఏమీ లేదని, ఇన్నేళ్ళలో వచ్చి వెళ్ళిన స్టూడెంట్లలో సగం మంది ఆమె పేరు కూడా సరిగ్గా పలకలేదని ఆమెకు తెలుసు. దానికి ఆమె ఏనాడూ బాధపడలేదు. ఈ చేతుల్లోంచి ఇప్పటిదాకా ఒక్క చిప్ప కూడా పోలేదన్న సంగతి ఒక్కటే ఆమె తన సొంతమనుకుంది.

"ఆంటీ, ఒక్క నిమిషం వస్తారా?" అని పక్కగది నుంచి నీహారిక పిలిచింది.

నీహారిక కిందటేడు ప్రొఫెసర్‌గా చేరింది. ముప్పై ఒక్క ఏళ్ళు. ఎనిమిదేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు కమ్మింగ్‌లో ఒకరి బేస్‌మెంట్‌లో నడిచిన ఆదివారం తెలుగు బడిలో ఇంద్రజ దగ్గరే అక్షరాలు దిద్దుకుంది. ఇప్పుడు ఆమే బాస్ అయినా ఆంటీ అనడం మానలేదు. "మీరు నాకు అందరికన్నా తక్కువ స్టికర్స్ ఇచ్చారు ఆంటీ, నేను మర్చిపోలేదు" అని అప్పుడప్పుడూ దెప్పుతుంది. "నువ్వు అందరికన్నా ఎక్కువ మాట్లాడేదానివి" అంటుంది ఇంద్రజ.

ఇంద్రజ చేతులు తుడుచుకుని వెళ్ళింది. గోడకున్న బీరువా తాళం తీసి ఉంది. నీహారిక ముందు ఒక చిన్న అట్టపెట్టె. పెట్టెలో రెండు గుంటలు, రెండింటిలోనూ దూది. ఎడమ గుంటలో అరచేతిలో పట్టేంత బూడిదరంగు చిప్ప, అంచున గోరంత ముక్క కోసి ఉంది. కుడి గుంటలో ఏమీ లేదు. తెల్లటి దూది మాత్రం ఉంది.

"ఏడో కోర్, బాటమ్ షెల్. లిస్ట్‌లో పెయిర్ అని ఉంది. రెండోది ఎక్కడ?" అంది నీహారిక.

ఇంద్రజ కళ్ళజోడు పెట్టుకుని లిస్ట్ చూసింది.

జార్జియా తీరంలో ఒక ఇసుకదీవి ఉంది. అల్యూమినియం గొట్టాలు ఆ ఇసుకలోకి దింపి, బయటికి తీసి, నిలువునా కోసి, ఏ లోతులో ఏముందో చూడటం ఈ లాబ్ పని. లోతుకు వెళ్ళేకొద్దీ పాత ఇసుక. అందులో దొరికిన ఆల్చిప్పలో మిగిలి ఉన్న రేడియో కార్బన్‌ని కొలిస్తే ఆ జీవి ఎన్నేళ్ళ క్రితం చచ్చిపోయిందో తెలుస్తుంది. కాని చిప్ప వయసు, దాని చుట్టూ ఉన్న ఇసుక వయసు ఒకటే కావాలని లేదు. రెండు సగాలూ కీలు దగ్గర అంటుకుని, మూసుకుని దొరికితేనే అది అక్కడే బతికి అక్కడే చచ్చిందని నమ్మవచ్చు. ఒంటిగా దొరికితే ఏ అల ఎక్కణ్ణించి మోసుకొచ్చిందో ఎవరూ చెప్పలేరు. వేల ఏళ్ళ చిప్ప నిన్నటి ఇసుకలో పడి ఉండవచ్చు. అందుకని జంటలకే లెక్క. జంటలో ఒక సగం నుంచి ముక్క కోసి కరిగిస్తారు. ముట్టుకోని రెండో సగాన్ని పక్క గుంటలో దాస్తారు, రేపు ఎవరైనా అనుమానపడితే చూపించడానికి.

ఈ పద్ధతి పెట్టింది నీహారికకి ముందు ఈ లాబ్ నడిపిన ప్రొఫెసర్ వేణుమాధవ్. ఆ దీవి మూడువేల ఏళ్ళుగా కదలకుండా అక్కడే ఉందని పదకొండేళ్ళ క్రితం రాసి పేరు తెచ్చుకున్నదీ ఆయనే. ఆ మూడువేల ఏళ్ళూ నిలబడ్డది ఈ ఒక్క అడుగు చిప్ప మీద.

"నేను చేరిన కొత్తలో దానికి పది అడుగుల దూరంలో కొత్త కోర్ తీశాను. అదే లోతులో జంట దొరికింది. నాలుగు వందల ఏళ్ళే. రెండూ ఎలా కరెక్ట్ అవుతాయి ఆంటీ? అది రాసి పంపితే జర్నల్ వాళ్ళు ఈ పాత చిప్ప రెండో సగం చూపించమంటున్నారు. రేపు పొద్దునే ఆన్సర్ చేయాలి."

"ఇక్కడే ఉంటుంది. వెతుకుతాను" అంది ఇంద్రజ.

చిప్పలు సింకులోనే వదిలేసి వెతకడం మొదలుపెట్టింది. బీరువాలో నూట నలభై పెట్టెలున్నాయి. ఒక్కోటీ తీసి, దూది లేపి, కింద చూసి, మళ్ళీ సర్దింది. అన్నిటిలోనూ రెండేసి చిప్పలు, కీలు దగ్గర పళ్ళు ఒకదానికొకటి సరిపోయేలా. సొరుగులు వెతికింది. పగిలిన ముక్కలు వేసే డబ్బా ట్రేలో గుమ్మరించి పట్టకారుతో కెలికింది. పన్నెండు దాటింది. లంచ్ డబ్బా ఫ్రిజ్‌లోనే ఉండిపోయింది.

వెతుకుతున్నంతసేపూ ఒకే ఆలోచన. పదేళ్ళ క్రితం లాబ్ పాత బిల్డింగ్ నుంచి ఇక్కడికి మారింది. సరిగ్గా అప్పుడే ఆమె తల్లి పోయింది. ఇంద్రజ రెండు రోజుల్లో పెట్టెలన్నీ కట్టి ఇండియాకి వెళ్ళి ఆరు వారాలు ఉండిపోయింది. అడుగు చిప్పల పెట్టెలు మాత్రం తనే కడతానని వేణుమాధవ్ అన్నాడు. కాని ఆ రోజుల్లో తన చేతులు తన మాట విన్నాయా? ఫోన్ వచ్చినప్పుడు చేతిలో ఏముందో, దాన్ని ఎక్కడ పెట్టిందో ఎంత గుర్తు చేసుకున్నా తెలియలేదు. తిరిగి వచ్చేసరికి బీరువాకి తాళం ఉంది. తాళంచెవి ఆమెకివ్వలేదు. "ఇన్సూరెన్స్ వాళ్ళ రూల్ ఇంద్రజా, నన్నేం చేయమంటావు" అన్నాడాయన. ఆమె సరేనంది.

ఒంటిగంటకి నీహారిక దగ్గరికి వెళ్ళి నిలబడింది. "దొరకలేదు. నా చేతిలోంచే పోయి ఉంటుంది. ఆ టైంలో నేను సరిగ్గా లేను" అంది.

నీహారిక ఆశ్చర్యపోలేదు. అదే ఇంద్రజకి వింతగా తోచింది.

"ఇట్స్ ఓకే ఆంటీ. అందరికీ తెలిసిందే కదా."

"ఏం తెలుసు?"

నీహారిక ముఖం ఎర్రబడింది. "అంటే... మూవింగ్ అప్పుడు మీ దగ్గర కొన్ని మిస్ అయ్యాయని. నేను జాయిన్ అయినప్పుడే డిపార్ట్‌మెంట్‌లో చెప్పారు. శాంపిల్స్ విషయంలో కొంచెం డబుల్ చెక్ చేసుకోమని. సారీ ఆంటీ, నేను ఎప్పుడూ చెక్ చేయలేదు. నిజంగా."

ఇంద్రజ తల ఊపింది. నీహారిక ఒక ఫారం ముందుకు జరిపింది. తప్పిపోయిన శాంపిల్ ఫారం. నంబరు, తేదీ నింపి ఉన్నాయి. కారణం అన్నచోట ఖాళీ. కింద టెక్నీషియన్ సంతకం అన్నచోట ఖాళీ.

"ఈవెనింగ్‌లోపు పెట్టండి, తొందరేం లేదు" అంది నీహారిక, తన కంప్యూటర్ వైపు చూస్తూ.

రెండింటికి రేణు ఫోన్ చేసింది. రేణు వేణుమాధవ్ భార్య. ఆయనకి ఏడాదిగా కాన్సర్. ఇంక వైద్యం వద్దనుకుని మూడు వారాలుగా ఇంట్లోనే ఉంచారు, ఒక నర్సు వచ్చి చూసుకుంటోంది.

"ఇంద్రజా, ఆయన గదిలో లాబ్ పుస్తకాలు ఒక పెట్టెడున్నాయి. నర్సు ఆక్సిజన్ మెషిన్ పెట్టాలంటోంది, చోటు చాలట్లేదు. వచ్చి తీసుకెళ్తావా? ఆయన్ని చూసినట్టూ ఉంటుంది. ఇవాళ కాస్త తెలివిగానే ఉన్నారు."

ఇరవై నిమిషాల దారి. సందు చివర పైన్ చెట్ల మధ్య ఇటుక ఇల్లు. రేణు తలుపు తీసి, చూసి, "ఏం తిన్నావు ఇవాళ? ముఖమంతా పీక్కుపోయింది" అంది. ఉప్మా ప్లేటు చేతిలో పెడితే గానీ ఊరుకోలేదు. పెట్టె హాల్లోనే ఉంది. రెండు ముద్దలు తిని ప్లేటు పక్కన పెట్టి ఇంద్రజ నేల మీద కూర్చుని పెట్టె తెరిచింది.

పైనే తన పుస్తకాలున్నాయి. గోధుమరంగు అట్ట, దారపు కుట్టు. చేరిన కొత్తలో ఇంగ్లీషులో రాయడానికి తడబడుతుంటే వేణుమాధవ్ నవ్వి, "నీ చెయ్యి ఏ భాషలో తొందరగా నడిస్తే ఆ భాషలో రాయి. రాత్రికి నేను ఇంగ్లీషులో ఎక్కించుకుంటాను" అన్నాడు. అప్పటినుంచీ ఆమె పెన్సిల్‌తో తెలుగులోనే రాసింది. సాయంత్రం ఆయన చదివి, ప్రతి పంక్తి పక్కన ఆకుపచ్చ ఇంకుతో టిక్కు పెట్టి, తన లిస్టులో ఎక్కించుకునేవాడు. ఆ లాబ్‌లో ఆమె రాసింది చదవగలిగిన మనిషి ఆయనొక్కడే. పదేళ్ళ క్రితం, ఏదో పుస్తకం రాస్తున్నానని ఇవన్నీ ఇంటికి తెచ్చుకున్నాడు.

ఇంద్రజ తేదీ వెతికి పేజీ తిప్పింది. కళ్ళజోడు పెట్టుకుంది.

"ఏడో గొట్టం, అడుగు. ఒంటి. కీలు పళ్ళు బాగా అరిగి ఉన్నాయి. ఎక్కణ్ణించో కొట్టుకొచ్చినట్టుంది. లెక్కకి పనికిరాదేమో, సార్‌ని అడగాలి."

పక్కన ఆకుపచ్చ టిక్కు.

ఆ పంక్తిని మూడుసార్లు చదివింది. అది తన రాతే. పెన్సిల్ ఎక్కడా చెరిపి దిద్దినట్టు లేదు. అప్పుడు గుర్తొచ్చింది. అడిగింది. కిటికీ పక్కన నిలబడి అడిగింది. "చూస్తాను ఇంద్రజా" అన్నాడు. ఆ తరువాత ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు. ఏ చిప్ప లెక్కలోకి తీసుకోవాలో తేల్చడం ఆయన పని గనక ఆమె మళ్ళీ అడగలేదు.

పోయిన సగం కోసం పొద్దుటినుంచీ వెతికింది. అసలు లేని దాని కోసం వెతికింది.

పేజీల మధ్య మడత పెట్టిన ఒక కాగితం ఉంది. పదేళ్ళ క్రితం ఎవరో ప్రొఫెసర్ రెండో సగం చూపించమని అడిగితే వేణుమాధవ్ రాసిన జవాబు, ప్రింట్ తీసింది. మర్యాదైన ఇంగ్లీషు. జంట ఉండేదనీ, లాబ్ మారేటప్పుడు సర్దిన టెక్నీషియన్ అజాగ్రత్త వల్ల రెండో సగం పోయిందనీ, ఆమె ఇంట్లో విషాదం జరిగిన సమయం గనక తాను కఠినంగా వ్యవహరించదలచుకోలేదనీ, ఇకపై బీరువాకి తాళం వేస్తున్నాననీ ఉంది. టెక్నీషియన్ పేరు లేదు. ఆమె తల్లి చావును కూడా ఆయన తన మాటకు దన్నుగా పెట్టుకున్నాడు.

ఇంద్రజ కాగితం మడిచి ఎక్కడిదక్కడ పెట్టింది. ఏడవలేదు. ఆమెకి ఎందుకో పాత రోజొకటి గుర్తొచ్చింది. ఉద్యోగం చేయనివ్వని డిపెండెంట్ వీసా మీద ఏడేళ్ళు ఇంట్లో కూర్చున్నాక, ఎవరింట్లోనో సత్యనారాయణ వ్రతానికి యాభై మందికి వంట. ఆమె ఒక మూల కూర్చుని కందిపప్పులో రాళ్ళు ఏరుతోంది. ఒకాయన వచ్చి ఆమె వేళ్ళు చూస్తూ నిలబడ్డాడు. "చదువేమిటమ్మా?" అంటే ఎమ్మెస్సీ కెమిస్ట్రీ అంది. "ఈ వేళ్ళు నాకు లాబ్‌లో కావాలి" అన్నాడు. వీసా కాగితాలన్నీ దగ్గరుండి ఆయనే చూశాడు. తరువాత ఎవరు లాబ్ చూడ్డానికి వచ్చినా ఆమె స్టూల్ దగ్గర ఆపి ఇంగ్లీషులో ఒకసారి, తెలుగులో ఒకసారి చెప్పేవాడు. "ఇంద్రజ చేతిలో పడ్డది పోదు."

పుస్తకం చేతిలో పట్టుకునే గదిలోకి వెళ్ళింది.

వేణుమాధవ్ దిండ్లకి ఆనుకుని ఉన్నాడు. మనిషిలో ఎముకలే మిగిలాయి. చేతి మీద చర్మం నానిన కాగితంలా ఉంది. కళ్ళు మాత్రం పాతవే. ఆమెను చూసి, "రా ఇంద్రజా. నాకూ వయసు కట్టడానికి వచ్చావా?" అన్నాడు. ఇలాంటి హాస్యానికి ఆమె ఎప్పుడూ నవ్వేది. ఇవాళ కుర్చీ లాక్కుని కూర్చుంది.

ఆయన చూపు పుస్తకం మీద పడింది. అక్కణ్ణించి కదల్లేదు.

"చదివావా?"

"చదివాను సార్."

బయట నర్సు ఫోన్‌లో ఎవరితోనో మాట్లాడుతోంది.

"ఒక్కటే ఇంద్రజా. మిగతావన్నీ నిజం జంటలే. ఆ ఒక్కటి..." ఊపిరి తీసుకున్నాడు. "ఆ ఏడాది గ్రాంట్ రాకపోతే లాబ్ మూసేసేవాళ్ళు. నీ ఉద్యోగం కూడా పోయేది."

ఇంద్రజ పుస్తకం అట్ట మీద వేలు ఆనించి ఉంచింది. "తప్పు నా మీదికి ఎందుకు తోశారు సార్?"

ఆయన కళ్ళు మూసుకున్నాడు. మూసుకునే అన్నాడు. "నీకు పోయేదేముంది అనుకున్నాను."

ఆ మాటలో కోపం లేదు, క్షమాపణ లేదు. చాలా కాలంగా ఆలోచించి పెట్టుకున్న లెక్కను చదివి వినిపించినట్టు అన్నాడు. ఇరవై రెండేళ్ళూ ఆయన ఆమెను ఎలా చూశాడో అందులో ఉంది.

"నా చేతిలో పడ్డది పోదని మీరే అనేవారు."

"అదీ నిజమే" అన్నాడు వేణుమాధవ్.

పెదవులు ఎండిపోయి పగిలి ఉన్నాయి. ఇంద్రజ బల్ల మీద గ్లాసు తీసుకుని రెండు చెంచాల నీళ్ళు పోసింది. రెండోది గొంతులోకి దిగలేదు, మూతి పక్కనుంచి జారింది. తువ్వాలుతో తుడిచింది. కడగాల్సిన చిప్పని ఎంత మెల్లగా పట్టుకుంటుందో అంతే మెల్లగా ఆయన గడ్డం పట్టుకుంది. అలా పట్టుకున్నందుకు తన చేతుల మీదే ఆమెకు కోపం వచ్చింది.

వంటింట్లో రేణు కాఫీ కలుపుతోంది. "చూశావా, నిన్ను చూస్తే మాట్లాడతారని నాకు తెలుసు. ఎంత నమ్మకం నీ మీద! నిన్న కూడా, ఆ పుస్తకాలు ఇంద్రజకే ఇవ్వు, ఇంకెవరికీ వద్దు అన్నారు."

ఇంద్రజ కాఫీ గ్లాసు రెండు చేతుల్తో పట్టుకుంది. ఇంకెవరికీ వద్దు. అంటే ఆమె ఎవరికీ చూపించదనే ధీమాతో అన్నాడా, చూపిస్తే చూపించనీ అనుకున్నాడా? లోపలికి వెళ్ళి అడుగుదామనుకుంది. కాఫీ వేడిగా ఉంది, తాగి వెళ్దామనుకుంది.

సగం తాగేసరికి నర్సు వంటింటి గుమ్మంలో నిలబడింది. రేణు వైపు చూసి తల వంచింది. రేణు స్టవ్ ఆపి, పమిటకి చేతులు తుడుచుకుని, తొందరేమీ లేనట్టు నడిచి వెళ్ళింది. గోడ గడియారంలో నాలుగూ పది.

తరువాత ఫోన్లు వచ్చాయి. పక్కింటివాళ్ళు వచ్చారు. రేణు ఒక్కసారే ఏడ్చింది, ఇంద్రజ భుజం మీద తల పెట్టి. "ఫ్యూనరల్ హోంలో లాబ్ తరఫున నువ్వే నాలుగు మాటలు చెప్పాలి. నీకన్నా బాగా ఆయన్ని ఎరిగినవాళ్ళు ఎవరున్నారు?"

"చూద్దాం రేణు గారూ" అంది ఇంద్రజ.

పెట్టె కార్‌లో పెట్టుకుని మళ్ళీ లాబ్‌కే వచ్చింది. ఎండ ఇంకా ఉంది. దారిలో రామమోహన్ ఫోన్ చేసి కూర సంగతి అడిగితే, సార్ పోయారని చెప్పింది. "అయ్యో, ఎంత మంచి మనిషి" అన్నాడు. ఆమె ఊఁ అంది.

లాబ్‌లో ఎవరూ లేరు. పొద్దున సింకులో వదిలేసిన చిప్పలు ఆరిపోయి, వాటి మీద తెల్లటి చారలు కట్టాయి. వాటిని మళ్ళీ మొదటినుంచీ కడగాలి. నీహారిక బల్ల మీద ఫారం అలాగే ఉంది. దాని మీద పసుపుపచ్చ చీటీ, వంకరటింకర తెలుగులో. "ఆంటీ సంతకం పెట్టండి. సార్ గురించి ఇప్పుడే తెలిసింది. సారీ. నీహా." అక్షరాల గుండ్రాలన్నీ విడివిడిగా ఉన్నాయి. ఎనిమిదేళ్ళప్పుడు ఎలా రాసేదో అలాగే.

ఇంద్రజ ఫారం పక్కన గోధుమరంగు పుస్తకం పెట్టింది. ఏడో గొట్టం పేజీ తీసింది. తను కాక ఈ లాబ్‌లో ఇప్పుడు దీన్ని చదవగలిగిన మనిషి ఒక్కతే ఉంది. ఆ పిల్లకి చదవడం నేర్పింది తనే. పుస్తకం తెరిచి వదిలేస్తే చాలు, పొద్దున నీహారిక అక్షరం అక్షరం కూడబలుక్కుని చదువుతుంది. అప్పుడు ఇంద్రజ చేతిలోంచి ఏదీ పోలేదని తేలుతుంది. కాని రేణు ఇంట్లో పోయినాయన పేరున ఇంకా దీపం కూడా పెట్టి ఉండరు.

పుస్తకం మూసింది. మళ్ళీ తెరిచింది.

పెన్సిల్ తీసుకుని కారణం అన్నచోట ఆనించింది. ఏమీ రాయకుండానే దాన్ని పక్కన పెట్టి, చిప్ప ఉన్న అట్టపెట్టెను దగ్గరికి లాక్కుంది. పొద్దున ఎన్ని పెట్టెలు తెరిచిందో, అన్నిటిలోనూ కుడి గుంట దూది చిప్ప బరువుకి నొక్కుకుపోయి, దాని ఆకారమే తీసుకుని ఉంది. పొద్దుటి కంగారులో ఇది చూసీ చూడలేదు.

కారణం ఇంకా రాయలేదు. సంతకం ఇంకా పెట్టలేదు. పెట్టెలో ఎడమవైపు కీలు అరిగిన చిప్ప ఉంది. కుడివైపు దూది మీద ఏ గుర్తూ లేదు, పెట్టిన రోజు ఎలా ఉందో అలాగే తెల్లగా, పొంగుగా ఉంది.